వెనక సామి

టీకొట్టు ముందు బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. ఇద్దరే టీ తాగుతున్నారు. మూడోవాడు ఈరప్ప. అతని ఒళ్ళో కుండ ఉంది, రెండు చేతులూ కుండ మీదే ఉన్నాయి. పరశురామ్ తన టీ ముగించి కుండను ఒళ్ళోకి తీసుకుంటే గాని ఈరప్పకు టీ లేదు.

పుదుచ్చేరి దాటి దక్షిణంగా వస్తే తగిలే చేపలవాళ్ళ ఊరు అది. రోడ్డు పక్క టార్పాలిన్ పట్టాల మీద చేపలు ఎండుతున్నాయి. ఆ వాసనకు మొదటిరోజు ముగ్గురూ ముక్కులు మూసుకున్నారు. ఇప్పుడు అలవాటైపోయింది.

"సామీ, నీ టీ మీగడ కడతాంది. నోరు తెరువు, నేను తాపిస్తాను" అన్నాడు తిమ్మరాజు.

"చంటిబిడ్డకు తాపినట్లా? నాకొద్దు సామీ."

"నేర్చుకోవాల గదా. రేపో మాపో తాతవయ్యేవాడివి."

పరశురామ్ నవ్వాడు. ఈరప్ప కూడా నవ్వాడు గాని, ఆ మాటకు అతని చేతులు కుండను ఇంకొంచెం గట్టిగా పట్టుకున్నాయి.

బాగలూరు దగ్గర వాళ్ళ ఊరిని ఒరుసుకుంటూ దక్షిణ పెన్నేరు పోతుంది. ఈ మధ్య ఫ్యాక్టరీల నీళ్ళు కలిసి నురగలు కక్కుకుంటూ పోతోంది గాని, ఎంతైనా ఏరు ఏరే. ఆ నీళ్ళు కుండలో పట్టి, అదే ఏరు సముద్రంలో కలిసే చోటికి మోసుకుపోయి పోయడం వాళ్ళ ఊళ్ళో మొక్కు. పూర్వం ఊరి నుంచే నడిచేవారు. ఇప్పుడు మహాబలిపురం దాకా బస్సు, అక్కడి నుంచి సముద్రపు ఒడ్డు పట్టుకుని నడక. బస్సులో కూడా కుండను కింద పెట్టరు. ఒళ్ళో కుండను చూసి కండక్టరు, "సీటు కావాల్నా దానికి?" అని అడిగితే, "నిన్ను మించిన పెద్దమనిషి లోపలుండాడు సామీ, మెల్లగా మాట్లాడు" అని తిమ్మరాజు జవాబిచ్చాడు. అతని నోటికి ఎదురు లేదు.

మొక్కుకు కట్టుబాట్లున్నాయి. కుండ నేలకు ఆనకూడదు. దారిలో ఒకరినొకరు పేరు పెట్టి పిలవకూడదు. అందరూ సాములే. జెండా పట్టుకుని ముందు నడిచేవాడు ముందు సామి. నడుమ మోసేవాడు కుండ సామి. అతనికి బరువైనప్పుడు అందుకోవడానికి వెనక నడిచేవాడు వెనక సామి. కుండ సామి వెనక్కి తిరిగి చూడకూడదు. ఏరు వెనక్కి తిరగదు గదా, ఏటిని మోసేవాడు కూడా తిరగకూడదు. భుజం తాళకపోతే "అందుకో సామీ" అని కుండను తల మీదుగా వెనక్కి చాపాలి. వెనక సామి అందుకుంటాడు. ఇచ్చినవాడు కుండ తనను దాటి ముందుకు పోయేదాకా కళ్ళు మూసుకుని నిలబడాలి.

అంటే ఆ నడక కాళ్ళ మీద కాదు, నమ్మకం మీద సాగేది. వెనక ఉంటానన్నవాడు ఉన్నాడని నమ్మి నడవాలి. అట్లా నమ్మలేనివాడు ఆ కుండ ఎత్తకూడదు. ఆ నమ్మకానికి తగనివాడు ఆ దారి తొక్కనే కూడదు.

ఈ ఏడు కుండ ఈరప్ప ఇంటి పేరున లేచింది. అతని కూతురు శోభనకు రెండు కాన్పులు నిలవలేదు. మూడోసారి నెలలు నిండి కృష్ణగిరి ఆసుపత్రిలో ఉంది. మొక్కు మాట ఎత్తింది తిమ్మరాజే. అతను ఈరప్ప భార్య చిక్కమ్మకు అన్న, శోభనకు మేనమామ. బాగలూరులో రోజాతోట ఉంది. ఒక సాయంత్రం తనే ఇంటికి వచ్చి, "కుండెత్తు ఈరప్పా, ఈసారి బిడ్డ నిలుస్తుంది. నువ్వు ఒక్కడివే మోయాల్నని లేదు. వెనక నేనుంటాను" అన్నాడు. చిక్కమ్మ అన్న చేతులు పట్టుకుని ఏడ్చింది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు కాళ్ళావేళ్ళా పడి సెలవు తీసుకున్నాడు ఈరప్ప.

అది నడకలో ఆఖరి రోజు. పొద్దు వాలకముందే ఏరు సముద్రంలో కలిసే ఏటిమొగ చేరి నీళ్ళు పోసేస్తే మొక్కు తీరుతుంది.

ఉదయమంతా నడక బాగానే సాగింది. ఎడమపక్క సముద్రం, కుడిపక్క సరుగుడు తోటలు. తడి ఇసుక మీద కాలు తేలిగ్గా పడుతోంది. పరశురామ్ పసుపు జెండా పట్టుకుని ముందు పోతున్నాడు. వెనక నుంచి తిమ్మరాజు నోరు ఆగలేదు. పడవల మీద రాసిన పేర్లు కూడబలుక్కుని చదివాడు. ఆడవాళ్ళు వల బాగుచేస్తుంటే, "మా ఊళ్ళో పూలు కట్టినట్లు కడతాండారే" అన్నాడు. ఈరప్ప ఫోను అతని సంచిలోనే ఉంది, కుండ మోసేవాడికి చేతులు ఖాళీగా ఉండవు గనుక.

"ఫోనేమన్నా వచ్చిందా సామీ?"

"వస్తే చెప్పనా? నా మేనకోడలు కాదా అది?"

ఎండ నడినెత్తికి వచ్చేసరికి వలలు ఆరేసే పాక ఒకటి కనబడితే నీడకు ఆగారు. తిమ్మరాజు చతికిలబడి మోకాలు పిసుక్కున్నాడు. కాసేపటికి, "మీరు నడుస్తా ఉండండి సామీ. మోకాలికి గుడ్డ చుట్టుకుని వెనకనే వచ్చేస్తాను" అన్నాడు.

"కూర్చో సామీ, నీతోనే పోదాం" అన్నాడు ఈరప్ప.

"పొద్దు మీ కోసం ఆగుతుందా? లెయ్యి." తిమ్మరాజు దగ్గరికి వచ్చి కుండను ఈరప్ప భుజం మీద సర్దాడు. గొంతు తగ్గించాడు. "ఒక మాట. నేను వచ్చినానా లేదా అని కూడా వెనక్కి చూడొద్దు. బిడ్డ నీ భుజం మీద ఉండాది. తెలిసిందా?"

ఈరప్ప తల ఊపాడు.

పరశురామ్ అంగలు పెద్దవి. కాసేపటికే జెండా దూరమైంది. ఎండకు ఇసుక మీద గాలి నీళ్ళలాగా కదులుతోంది. అందులో పసుపు రంగు ఒకసారి కనబడుతుంది, ఒకసారి కరిగిపోతుంది. ఒడ్డున మనిషి లేడు. కుక్క లేదు. పడవలు కూడా లేవు. అలల చప్పుడు మెల్లగా తగ్గి, మధ్యాహ్నం అన్నం తిని సముద్రం నడుం వాల్చిందేమో అన్నట్లు అయింది. ఈరప్ప నీడ అతని పాదాల కిందే అణిగిపోయింది.

అప్పుడు వెనక అడుగులు వినిపించాయి.

"వచ్చినావా సామీ?"

"ఊ..."

ఈరప్ప గుండె కుదుటపడింది. ఎంతైనా ఇంటి మనిషి. మోకాలి నొప్పితో కూడా పరుగెత్తుకొచ్చాడు అనుకున్నాడు.

ఉదయమంతా ఆగని నోరు ఆగిపోయింది. నొప్పి ఎక్కువగా ఉందేమో.

"రాత్రి నీ కలవరింతలు విని కుక్కలు ఊరొదిలి పోయినాయి సామీ" అన్నాడు ఈరప్ప, నవ్వించడానికి.

నవ్వు రాలేదు.

"మోకాలు నొస్తాందా?"

"లేదు."

ఆ గొంతు తిమ్మరాజుది అవునో కాదో ఈరప్ప తేల్చుకోలేకపోయాడు. ఎండకు నాలుక పిడచకట్టినవాడి గొంతు ఎవరిదైనా అట్లాగే ఉంటుంది. కానీ అడుగుల చప్పుడు... ఇప్పుడు నడిచేది పొడి ఇసుక, కాళ్ళు కూరుకుపోతున్నప్పుడు చరచరమనాలి. వెనక అట్లా లేదు. తప్... తప్... తప్... తడికాళ్ళతో సిమెంటు గచ్చు మీద నడిచినట్లుంది.

వాసన కూడా మారింది. ఎండుచేపల వాసన కాదు. పాత బావిలో పూడిక తీసినప్పుడు బయటికి వచ్చే వాసన. ఎండకు ఒళ్ళు పొక్కిపోతున్నా ఈరప్ప మెడ వెనక చల్లగా తగులుతోంది.

"సామీ... నీళ్ళలో గాని దిగినావా?"

అడుగులు మాత్రం ఆగకుండా వస్తున్నాయి.

"సామీ?"

"అందుకొనేదా?"

వెనక సామి ఆ మాట అనడు. మోసేవాడు పిలిస్తేనే అందుకోవాలి, తనంతట తాను అడగకూడదు. ఊళ్ళో పిల్లలకు కూడా తెలిసిన సంగతి. ఎన్నోసార్లు కుండ వెంట నడిచిన తిమ్మరాజుకు తెలియదా?

"ఇంకా మోస్తాను సామీ" అన్నాడు.

తప్... తప్... తప్...

"అందుకొనేదా సామీ?"

ఈసారి దగ్గరగా ఉంది. చాలా దగ్గరగా. కుండ బరువు పెరుగుతోంది. భుజం ఎముక లోపలికి దిగుతున్నట్లుంది. ఈరప్ప నోరు తెరిచి పరశురామ్‌ను కేక వేశాడు. "ముందు సామీ! ఆగు!" గాలి ఆ కేకను సరుగుడు చెట్ల మీదికి ఎత్తుకుపోయింది. జెండా ఆగలేదు.

ఒక్కసారి తల తిప్పితే చాలు. ఒక్కసారి. వెనక ఎవరున్నారో తెలిసిపోతుంది.

మెడ కొంచెం తిరిగింది కూడా. అప్పుడు కూతురు గుర్తొచ్చింది. రెండోసారి ఆసుపత్రి నుంచి ఉత్త చేతులతో ఇంటికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా గోడవైపు తిరిగి పడుకున్న కూతురు. ఈరప్ప మెడ సరిచేసుకున్నాడు. పళ్ళు బిగించి నడిచాడు.

కొంతదూరం పోయాక ఇసుక అయిపోయింది. అలల కోతకు అడ్డంగా నల్లరాళ్ళు పోసి గట్టు కట్టారు. తోట అంచు నుంచి సముద్రం లోపలి దాకా ఉంది. తోటకు ముళ్ళకంచె. దాటాలంటే రెండు చేతులతో రాళ్ళు పట్టుకుని పాకాల్సిందే. పరశురామ్ ఎప్పుడో దాటిపోయాడు.

రాయి మీద పెడితే నేలకు ఆనినట్లే. వెనక్కి చూస్తే మొక్కు పోయినట్లే. కుండతో పాకడం చేతకాదు.

ఈరప్ప నిలబడిపోయాడు. వెనక అడుగులు కూడా నిలిచాయి.

తిమ్మరాజే. ఇంకెవరుంటారు? ఎండ తలకెక్కి ఏదేదో అనుకుంటున్నాను. మేనమామ. ఇంటికి వచ్చి, వెనక ఉంటానని మాటిచ్చిన మనిషి. అట్లాంటివాణ్ణి అనుమానించడం పాపం...

తనకు తానే అట్లా చెప్పుకున్నాడు. మంచివాడికి వచ్చే చేటు ఇట్లాగే వస్తుంది. కళ్ళెదుట కనిపించేదాని కన్నా ఎదుటివాడు ఇచ్చిన మాటను ఎక్కువ నమ్ముతాడు.

"అందుకో సామీ" అన్నాడు ఈరప్ప. కుండను తల మీదుగా వెనక్కి చాపాడు.

అందుకున్న వేళ్ళు అతని వేళ్ళకు తగిలాయి. చల్లగా. మెత్తగా. చర్మం ఎముకను వదిలేసి జారుతున్నట్లుగా. రోజుల తరబడి నీళ్ళలో నానిన చేయి.

బరువు పోయింది.

ఈరప్ప గట్టిగా కళ్ళు మూసుకున్నాడు. తడిగుడ్డ ఏదో అతని మోచేతిని ఒరుసుకుంటూ పోయింది. చెవి దగ్గర ఆగింది. ఊపిరి లేదు. మాట మాత్రం ఉంది.

"ఆడపిల్లా... మగపిల్లాడా?"

కడుపుతో ఉన్నవాళ్ళ గురించి ఎవరడిగినా పెద్దవాళ్ళు చెప్పే జవాబు ఒకటుంది. వారంలో పదిమందికి చెప్పిన జవాబే. భయంలో ఈరప్ప నోట అదే వచ్చేసింది.

"ఏదైనా సరే సామీ... మా ఇంటికి వస్తే చాలు."

చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

ఎదురుగా ఎవరూ లేరు. గట్టు మీద లేరు, అటు ఒడ్డున లేరు. కానీ నల్లరాళ్ళ మీద నీటిచుక్క ఒకటి పడింది. దాని ముందు రాయి మీద ఇంకొకటి. అతను చూస్తుండగానే మరొకటి... పైన ఏమీ లేదు. చుక్కలు మాత్రం ఒకదాని వెంట ఒకటి ముందుకు పోతున్నాయి. నడిచేవాడి భుజం మీది కుండ తొణికినట్లు.

ఈరప్ప రాళ్ళ మీద పడుతూ లేస్తూ గట్టు దాటాడు. అరచేతులు చీరుకుపోయాయి. చుక్కల వెంట నడిచాడు. చివరికి అవి అలల అంచులో కలిసిపోయాయి.

ఏటిమొగ దగ్గర పరశురామ్ జెండా పాతి నిలబడ్డాడు. అతని పక్కన, ఒడ్డుకు లాగిన పడవ నీడలో, కాళ్ళు చాపుకుని కొబ్బరిబోండాం తాగుతూ తిమ్మరాజు కూర్చుని ఉన్నాడు.

ఈరప్ప కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"చూడు సామీ, ఈ పెద్దమనిషిని!" పరశురామ్ అరిచాడు. "పాక కాడ నుంచి అటు రోడ్డుకు పోయి షేర్ ఆటో ఎక్కినాడంట. మొక్కు నడకలో ఆటో! నాకన్నా ముందొచ్చి కూర్చున్నాడు. సిగ్గుండాల..." అంటూ ఈరప్ప ఖాళీ భుజాలు చూసి ఆగిపోయాడు. "కుండ యాడ?"

తిమ్మరాజు కుండ యాడ అని అడగలేదు.

ఈరప్పకు అప్పుడు అర్థమైంది. ఇన్నిరోజులు చంటిబిడ్డలాగా మోసుకొచ్చిన కుండ. భుజం మీద లేదు. అయినా ఆ మనిషి కళ్ళు కుండ కోసం వెతకలేదు. ఈరప్ప వెనకవైపు చూశాయి. అటూ ఇటూ జాగ్రత్తగా చూశాయి. తర్వాత, దగ్గరికి వచ్చిన ఈరప్పను మెల్లగా, పక్కవాడికి కూడా వినబడనంత మెల్లగా అడిగాడు.

"ఇచ్చేసినావా?"

"బావా..." కట్టుబాటు మరిచిపోయాడు ఈరప్ప. "ఎవరది?"

తిమ్మరాజు బోండాం పక్కన పెట్టాడు. "నాకు తెలీదు. నిరుడు నేను కుండ మోస్తాంటే నన్ను అడిగింది. నేను ఇవ్వలేదు. ఇంటికి వచ్చేసినాను. అదీ వచ్చేసింది. తోటలో నీళ్ళు కడతాంటే వెనక అడుగులు. మార్కెట్టులో పూలగంపలు దించుతాంటే వెనక మాట... అందుకొనేదా, అందుకొనేదా అని. ఏడాది ఈరప్పా. మనిషి పడేది కాదు." నుదురు తుడుచుకున్నాడు. "ఒకటే దారి కనిపించింది. ఇంకొకరు కుండ ఇస్తే వాళ్ళది తీసుకుంటుంది గదా అని..."

"అందుకా మా ఇంటికొచ్చింది? అందుకా మొక్కు చెప్పింది?"

"వినుకో..."

"నీ చెల్లెలు నీ చేతులు పట్టుకుని ఏడ్చింది గదా బావా. ఆ చేతులే గదా ఈ కుండ నా భుజం మీద సర్దినాయి?"

తిమ్మరాజు తల దించుకోలేదు. అదే ఈరప్పను ఎక్కువ కాల్చింది. ఆ మొహంలో సిగ్గు లేదు. ఏడాదిగా నిద్ర లేనివాడు ఒక రాత్రి బాగా పడుకుని లేస్తే ఉండే తేట మాత్రం ఉంది. వెనక్కి తిరిగి, ఖాళీ ఇసుకను తృప్తిగా చూసుకున్నాడు.

"ఇప్పుడు నా వెనక ఎవరూ లేరు ఈరప్పా" అన్నాడు.

ఈరప్ప చేయి ఎత్తలేదు. తప్పు చేసినవాడిని కొడితే లెక్క సరిపోయిందని వాడే అనుకుంటాడు. ఆ సుఖం కూడా ఇవ్వదలచలేదు. చేయి చాపి, "నా ఫోను ఇయ్యి" అన్నాడు.

తిమ్మరాజు సంచిలోంచి తీసి ఇచ్చాడు. ఇస్తూ, నిజంగా సంతోషపడుతున్నవాడిలాగానే నవ్వాడు. "చిక్కమ్మ చేసింది. నువ్వు వచ్చినాక చెబుదామని ఉన్నాను. కాన్పయింది. మగబిడ్డ. ఇద్దరూ బాగుండారు. చూసినావా? ఏమీ కాలేదు. ఊరికే భయపడినాం."

కడలూరులో బస్సెక్కి, తిరువణ్ణామలైలో మారి, తెల్లవారాక కృష్ణగిరిలో దిగాడు ఈరప్ప. దారంతా అనుమానాన్ని ఆశ, ఆశను మళ్ళీ అనుమానం తోసేస్తూ వచ్చాయి. తిమ్మరాజుకు ఒక్క మాట కూడా చెప్పకుండా వచ్చేశాడు. ఇకమీద ఆ మనిషితో మాట్లాడనని గట్టిగా అనుకున్నాడు. కానీ చిక్కమ్మకు ఏం చెప్పాలి? నీ అన్న నీ మనవణ్ణి అమ్మేశాడని చెప్పాలా? నమ్మకద్రోహంలో ఉన్న విషం అదే. పడినవాడే నోరు మూసుకోవాలి.

ఆసుపత్రి వరండాలో చిక్కమ్మ ఎదురొచ్చింది. మొహమంతా వెలుగు. "వచ్చినావా? పోసేసినారా నీళ్ళు? అన్న యాడ?"

"రాలేదు."

"మోకాలి నొప్పని ఫోన్లో చెప్పినాడు గదా పాపం. అన్న పుణ్యమే ఇదంతా. రా, చూద్దువు."

శోభన నిద్రపోతోంది. ఆమె పక్కన, తెల్లగుడ్డలో బిడ్డ. ఎర్రటి మొహం, ఒత్తయిన జుట్టు. ఛాతీ పైకీ కిందికీ సమంగా ఆడుతోంది. ఈరప్ప కళ్ళు నిండిపోయాయి. నిలిచింది. బిడ్డ నిలిచింది. ఇంకేం కావాలి?

"పుట్టినప్పటినుంచీ ఏడుపే లేదు" అంది చిక్కమ్మ గుసగుసగా. "నిద్రే నిద్ర. బాగా అలసినట్లు. డాక్టరమ్మ అంతా సరిగ్గానే ఉండాది అనింది. ఇంకేమో చర్మం పొడిగా ఉండాదంట, అది పోతుందంట. నూనె పెట్టమనింది."

"యాడ పొడిగా ఉండాది?"

చిక్కమ్మ గుడ్డ చివర మెల్లగా విప్పి చూపించింది.

ఈరప్ప వంగి చూశాడు.

చిటికెన వేలంత పాదాలు. ఇంకా నేల మీద ఆనని పాదాలు. అరికాళ్ళు మొద్దుబారి, కాయలు కాసి ఉన్నాయి. మడమలు నిలువునా పగిలి ఉన్నాయి.

"రెండుసార్లు కడిగినాను" అంది చిక్కమ్మ. ఆ పగుళ్ళ వైపు చూడకుండా అంది. "ఇసుక పోలేదు."